తిరుపతికి కొత్తగా వచ్చారా? అర్ధరాత్రి ఆసుపత్రి అవసరం పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బైరాగిపట్టెడ. కింద మేముంటాం, మీద రెండు వాటాలు అద్దెకిస్తాం. యూనివర్సిటీలో చేరిన పిల్లలు, రేణిగుంట ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన ఒడిశా కుర్రాళ్లు, బదిలీ మీద వచ్చిన కుటుంబాలు, ఇలా ఏడాదికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు దిగుతూనే ఉంటారు. సామాను దింపిన రోజు నీళ్లెప్పుడొస్తాయి, చెత్తబండి ఎప్పుడొస్తుంది అని అడుగుతారు. ఆసుపత్రి సంగతి మాత్రం రాత్రి రెండింటికి తలుపు కొట్టి అడుగుతారు. ప్రతిసారీ అవే ప్రశ్నలు, నిద్రకళ్లతో నేను చెప్పే అవే జవాబులు. అందుకే రాసిపెట్టాను. నేను డాక్టరును కాను. రోగిని ఏ గేటు దగ్గరికి, ఎంత తొందరగా, ఏం పట్టుకుని తీసుకెళ్లాలో అంతవరకే ఇక్కడ ఉంటుంది.

## ఇల్లు దిగిన మొదటి వారంలో

ఇప్పుడు అందరం బాగానే ఉన్నాం. ముందుగా ఏం చేసి పెట్టుకోవాలి?

ముందు మీ ఇంటి గుర్తు నోటికి రావాలి. డోరు నంబరు కాదు, గుర్తు. ఏ గుడి వెనక, ఏ సర్కిల్ నుంచి ఎన్నో సందు, గేటు రంగేమిటి. ఇంట్లో బీపీ, షుగరు, గుండె మాత్రలు వాడేవాళ్లుంటే మాత్రల షీటు ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలోనూ పెట్టండి. డాక్టరు అడిగినప్పుడు "తెల్లగా, గుండ్రంగా ఉంటుంది సార్" అని చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మందు పడదో కూడా రాసుకోండి. ఒక సాయంత్రం తీరిక చూసుకుని బండి మీద అలిపిరి రోడ్డులో వెళ్లి రుయా ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి, అంటే ఎమర్జెన్సీ విభాగానికి, దారి ఎటో కళ్లారా చూసి రండి. పగలు చూసిన గేటు రాత్రి వెతుక్కోనక్కర్లేదు.

108, 104, 102, 112... ఏది దేనికి?

ప్రాణం మీదికొస్తే 108. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ ఉచిత అంబులెన్సు సేవ ఇప్పుడు రాష్ట్రమంతా ఉంది. బండిలో శిక్షణ పొందిన సిబ్బంది, ఆక్సిజన్ ఉంటాయి. పోలీసు, అగ్నిమాపకం, వైద్యం అన్నిటికీ కలిపి 112. రోడ్డు మీద గొడవ జరిగి దెబ్బలు తగిలినప్పుడు ఇది పనికొస్తుంది. 104 ఆరోగ్య సలహాకు. ఊళ్లకు వచ్చే 104 బండి అంబులెన్సు కాదు, మందులిచ్చే సంచార వైద్యశాల. 102 దగ్గర బయటి రాష్ట్రాలవాళ్లు పొరబడుతుంటారు. వాళ్ల దగ్గర కాన్పుకు 102 అంటారు, ఇక్కడ 102 తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్, అంటే కాన్పయ్యాక ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి దింపే బండి. నొప్పులొస్తే ఇక్కడ 108కే చేయాలి.

ప్రతిదానికీ పెద్దాసుపత్రికే పరిగెత్తాలా?

అక్కర్లేదు. మామూలు జ్వరం, విరేచనాలు, చెవిపోటు, చిన్న గాయం లాంటివాటికి మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు. ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ పొద్దుటిపూటే ముఖ్యం, ఆదివారం ఉండదు. క్యాజువాలిటీ మాత్రం రాత్రీ పగలూ, పండగపూటా తెరిచే ఉంటుంది. ఊపిరి అందకపోవడం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఆగని రక్తం, ఫిట్స్, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, విషం, పాముకాటు, పెద్ద కాలిన గాయం వంటివాటికి ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడకండి. నేరుగా క్యాజువాలిటీకే వెళ్లండి.

## ఫోన్ చేసే వేళ

అడ్రసు సరిగా తెలీదు. 108 వాళ్లకు ఏం చెప్పాలి?

పోయినేడు మీద వాటాలో ఉన్న కుర్రాడికి రాత్రి పూట విపరీతమైన కడుపునొప్పి వచ్చింది. స్నేహితుడు 108కి ఫోన్ చేసి "తిరుపతి, తిరుపతి" అంటాడే తప్ప ఇంకో ముక్క రాదు. ఫోను నా చేతికొచ్చేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. వాళ్లడిగేది నాలుగే మాటలు: ఎక్కడ, ఏమైంది, రోగి వయసెంత, స్పృహలో ఉన్నాడా. మీకు చెప్పడం చేతకాకపోతే పక్కింటివాళ్లకో, కింద టీకొట్టు అన్నకో, అపార్టుమెంటు వాచ్‌మన్‌కో ఫోనివ్వండి. ఫోను మీరుగా పెట్టేయొద్దు, బండి డ్రైవరు మళ్లీ చేస్తాడు కాబట్టి ఆ నంబరు ఖాళీగా ఉంచండి. ఒకరు వీధి మొగలో నిలబడి సెల్ లైటు వెలిగించి ఊపాలి. కొర్లగుంట, బైరాగిపట్టెడ సందుల్లో ఆ లైటు ఏ మ్యాపుకన్నా మేలు.

మాకు తెలుగు రాదు. ఎలా?

తిరుపతిలో తమిళం దాదాపు అందరికీ అర్థమవుతుంది. యాత్రికుల ఊరు కాబట్టి హిందీ కూడా అంతో ఇంతో నడుస్తుంది. అయినా "గుండె నొప్పి", "ఊపిరి ఆడట్లేదు", "స్పృహ లేదు", "రక్తం ఆగట్లేదు" అనే నాలుగు మాటలు బట్టీ పట్టండి.

అంబులెన్సు వచ్చేలోగా ఆటోలో వెళ్లిపోతే తొందరగా పోతాం కదా?

కొన్నిసార్లు నిజమే. చెయ్యి విరిగింది, మనిషి మాట్లాడుతున్నాడు అంటే ఆటో చాలు. ఛాతీనొప్పిలో, ఆయాసంలో, తలకో వెన్నుకో దెబ్బ తగిలినప్పుడు మాత్రం 108 కోసం ఆగడమే మంచిది. దారిలో గుండె ఆగితే ఆటోలో ఎవరేం చేయగలరు? రోగిని మెట్లు దింపి నడిపించుకెళ్లడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మూడో అంతస్తులో ఉంటే ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పండి, స్ట్రెచర్‌తో పైకి వస్తారు. మనిషి పలక్కుండా, ఊపిరి లేకుండా పడిపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా, రెండంగుళాల లోతు నొక్కుతూ ఉండండి. బండి వచ్చేదాకా ఆపొద్దు.

మేం శ్రీసిటీ వైపు ఉంటాం. 108కి చేస్తే అరవంలో మాట్లాడుతున్నారే?

సత్యవేడు, నగరి లాంటి సరిహద్దు చోట్ల ఫోను పక్క రాష్ట్రం టవరుకు తగిలి కాల్ తమిళనాడు కేంద్రానికి పోవచ్చు. అక్కడా అదే నంబరు మరి. కంగారుపడి పెట్టేయకుండా ఆంధ్రా అని, మండలం పేరు చెప్పండి. అప్పటికీ కుదరకపోతే 112కి చేయండి. ఫ్యాక్టరీలో ఉంటే సెక్యూరిటీ గేటు నంబరు ముందే దాచుకోండి.

## ఎక్కడికి తీసుకెళ్లాలి?

రుయాకా, స్విమ్స్‌కా? రెండూ పక్కపక్కనే ఉన్నాయి కదా, తేడా ఏమిటి?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండూ అలిపిరి రోడ్డులోనే. రుయా అంటే శ్రీ వేంకటేశ్వర రామ్‌నారాయణ్ రుయా ప్రభుత్వ ఆసుపత్రి, ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధం. యాక్సిడెంటు, పాముకాటు, విషం, కాలిన గాయం, పిల్లల ఎమర్జెన్సీ, ఏ రోగమో తెలియని ఎమర్జెన్సీ, అన్నిటికీ రుయా క్యాజువాలిటీ. అక్కడ చికిత్స ఉచితం. స్విమ్స్ తితిదే స్థాపించిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, 1993 నుంచి నడుస్తోంది. గుండె, మెదడు, కిడ్నీ లాంటివాటికి పేరు. అక్కడ ఫీజులుంటాయి, ప్రభుత్వ పథకాలూ వర్తిస్తాయి. ముందునుంచే గుండె రోగి, డయాలసిస్ రోగి అయి స్విమ్స్ ఫైలు ఉంటే అక్కడికే వెళ్లండి. మిగతావాళ్లకు నేను రుయా అనే చెప్తాను. జనం ఎక్కువ, గచ్చు మీద పడుకున్న అటెండర్లను, అంటే రోగులకు తోడొచ్చినవాళ్లను, దాటుకుంటూ వెళ్లాలి, నిజమే. కానీ అర్ధరాత్రి అన్ని విభాగాల డాక్టర్లూ ఒకేచోట దొరుకుతారు.

అక్కడే ఉన్న బర్డ్ ఎముకల ఆసుపత్రి పేరు చూసి, యాక్సిడెంటు రోగిని తిన్నగా అందులోకి తీసుకెళ్లే కొత్తవాళ్లుంటారు. ఆపరేషన్లకు, కీళ్ల మార్పిడికి అది పెట్టింది పేరు. రోడ్డు మీద పడి రక్తం కారుతున్న మనిషికి మాత్రం ముందు క్యాజువాలిటీ.

ఛాతీలో మంట. గ్యాసా, గుండెపోటా?

ఇంట్లో కూర్చుని తేల్చలేరు. ఈసీజీ తీయాల్సిందే. నొప్పి ఎడమచేతికో దవడకో పాకుతూ చెమటలు పడుతుంటే సోడా తాగించి చూద్దామనుకోవద్దు. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు అసలు నొప్పే లేకుండా ఆయాసం, వాంతి మాత్రమే ఉండొచ్చు. గుండె రక్తనాళంలో గడ్డను కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ బయట కొంటే వేలల్లో ఉంటుంది. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా వేస్తున్నారు. కాబట్టి తిరుపతికి దూరంగా ఉన్నవాళ్లు గంటల ప్రయాణం పెట్టుకోకుండా ముందు దగ్గరి ఏరియా ఆసుపత్రికి వెళ్లాలి.

పెద్దాయనకు పొద్దున లేచేసరికి మాట ముద్దగా వస్తోంది. కాసేపు పడుకుంటే తగ్గుతుందా?

తగ్గదు. ఈ జవాబు చెప్పే అర్హత నాకుంది. మా నాన్న ఒకరోజు తెల్లవారుజామున కాఫీ లోటా పట్టుకుని వరండాలో కూర్చున్నారు. లోటా చేతిలోంచి జారి గచ్చు మీద దొర్లింది. ఆయన దాన్ని చూస్తున్నారే గాని వంగి తీయడం లేదు. నీరసం అనుకున్నాం. చేతికి నూనె రాసి మర్దన చేశాం. తెలిసిన డాక్టరు ఎనిమిదింటికి వస్తారు కదా అని కూర్చున్నాం. ఆయన కుడిచెయ్యి మళ్లీ లోటా పట్టలేదు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందు పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లోనే. అదీ సీటీ స్కాన్ తీశాకే వేస్తారు. నవ్వమంటే మూతి ఒకవైపు జారిందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి వాలిందా, మాట తడబడుతోందా చూడండి. ఒక్కటున్నా బయల్దేరండి. మనిషి చివరిసారి బాగా ఉన్న టైమెప్పుడో గుర్తుంచుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. దారిలో నీళ్లు కూడా తాగించొద్దు.

పాము కరిచింది. ఏ పామో చూడలేదు. మంత్రం వేసే ఆయన దగ్గర్లో ఉన్నాడంటున్నారు.

శేషాచలం కొండ పాదాన ఉన్న ఊరు, వానాకాలం ఇళ్లలోకి వస్తాయి. మంత్రం వద్దు, కోయడం వద్దు, నోటితో పీల్చడం వద్దు, తాడుతో బిగించి కట్టడం వద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి తీసుకెళ్లండి. మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది, అందుకని పామును వెంటాడి చంపి పట్టుకురానక్కర్లేదు. కట్లపాము సంగతి జాగ్రత్త. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే నొప్పీ ఉండదు, గాటూ కనపడదు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అలా ఉంటే నిద్రమత్తు అనుకోవద్దు.

వీధికుక్క కరిచింది, చిన్న గీత అంతే. సూది అవసరమా?

అవసరమే. ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాటయితే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, అది ఉందా అని మీరే అడగండి. రెండు సూదులయ్యాక ఊరెళ్లిపోయి మానేసేవాళ్లను చూశాను. చీటీ చూపిస్తే మిగతావి మీ ఊళ్లోనూ వేస్తారు.

పసివాడికి జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళంచెవి పెట్టమంటున్నారు.

తాళంచెవులు బీరువాకే ఉంచండి. పిల్లవాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, వేలు పెట్టొద్దు, టైము చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా 108. ఒక్క నిమిషంలో ఆగిపోయినా, మొదటిసారి అయితే అదేరోజు డాక్టరుకు చూపించాలి.

నెలలు నిండాయి. నొప్పులొస్తే రుయాకే వెళ్లాలా?

ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వేరే ఉంది, రుయాకు దగ్గర్లోనే. 108లో చెబితే వాళ్లే అక్కడికి తీసుకెళ్తారు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకండి.

ఇంట్లో ఎవరో పురుగుమందో, గుప్పెడు మాత్రలో మింగారు.

వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు, పేడనీళ్లు అసలే వద్దు. సీసా, మాత్రల షీటు ఏది దొరికితే అది సంచీలో వేసుకుని వెళ్లండి. పేరు తెలిస్తేనే విరుగుడు తేలుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117 రోజంతా పలుకుతుంది. కావాలని మింగినవాళ్లను తిట్టకండి, ఒంటరిగా వదలకండి. మనసు బాగోక అలాంటి ఆలోచనలొస్తుంటే 14416 టెలీమానస్‌కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు.

నేరుగా వేలూరు సీఎంసీకి పోదామా?

చిత్తూరు జిల్లా అలవాటు ఇది. ఏం వచ్చినా "వేలూరుకు తీసకపోదాం పా" అంటారు. ఏళ్లనాటి జబ్బుకు, ఆపరేషన్‌కు పోతే మంచిదే. చిత్తూరు నుంచయితే నలభై కిలోమీటర్ల లోపే. తిరుపతి నుంచి వంద దాటుతుంది. గుండెపోటు, పక్షవాతం, రక్తస్రావం ఉన్న రోగిని కారు వెనకసీట్లో వేసుకుని ఆ దూరం పోవద్దు. ఇక్కడ నిలకడ చేయించి, రెఫరల్ కాగితం తీసుకుని, ఆక్సిజన్ ఉన్న బండిలో వెళ్లండి.

## కొండ మీద, నడకదారిలో

అమ్మానాన్నలు ఊరినుంచి వస్తున్నారు, నడిచి ఎక్కుతామంటున్నారు. దారిలో ఏమైనా అయితే?

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అరవై దాటినవాళ్లు, గుండెజబ్బు, బీపీ, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్లు నడవొద్దని తితిదేనే చెబుతోంది. అలిపిరి దారిలో 1,500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్యసాయం ఉంటుంది. కొండ మీద అశ్విని ఆసుపత్రి రాత్రీ పగలూ పనిచేస్తుంది.

నేను చూసిన పొరపాటు ఒకటుంది. అలిపిరిలో లగేజీ అప్పగిస్తే వాళ్లే పైకి చేరుస్తారు కదా, మాత్రల డబ్బా కూడా ఆ సంచీలోనే వెళ్లిపోతుంది. మనిషి మెట్ల మీద, మందు వ్యానులో. ఇన్సులిన్, ఇన్‌హేలర్, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒంటిమీదే ఉండాలి, ఓ చాక్లెట్టు కూడా.

క్యూలో ఫోను ఉండదు. కంపార్టుమెంటులో కళ్లు తిరిగితే ఎవరికి చెప్పాలి?

శ్రీవారి సేవకులకో, దగ్గర్లో ఉన్న సిబ్బందికో చెప్పండి. దర్శనం పోతుందని దాచిపెట్టొద్దు. టోకెన్ల దగ్గర జనం ఒక్కసారిగా తోసుకొస్తే రెండు చేతులూ మడిచి రొమ్ముకు అడ్డంగా పెట్టుకుని, జనంతోపాటే కదులుతూ పక్కకు జరగండి. కింద పడ్డ చెప్పు కోసం వంగొద్దు. 2025 జనవరి 8న మా బైరాగిపట్టెడలోనే టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. ఆ రాత్రి సైరన్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

## గేటు దగ్గర, డబ్బుల సంగతి

ఆధార్ ఇంట్లో మర్చిపోయాం. చేర్చుకుంటారా?

ప్రాణాపాయంలో చికిత్స మొదలుపెట్టడానికి ఏ కార్డూ అక్కర్లేదు. కాగితాలు తర్వాత తెచ్చివ్వొచ్చు. ఒకరు రోగి దగ్గర ఉండండి, ఒకరు ఇంటికెళ్లి తెండి.

ప్రైవేటు ఆసుపత్రిలో అడ్వాన్సు కడితేనే చూస్తామంటున్నారు.

ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు ముందు ప్రాణరక్షణ చికిత్స ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ప్రభుత్వాసుపత్రి, ప్రైవేటు ఆసుపత్రి తేడా లేదు. చట్టం అలా ఉన్నా కౌంటరు దగ్గర మాట వేరేగా ఉంటుంది. ఒక నర్సింగ్ హోములో మాకూ ఇలాగే అయింది. వాదించడానికి టైములేక చేతి ఉంగరం తీసి టేబుల్ మీద పెట్టాను. ఇప్పుడైతే "ప్రథమచికిత్స చేసి, రాసిచ్చి పంపండి" అని అడుగుతాను. అలా అడిగితే ధోరణి మారుతుంది.

యాక్సిడెంటు కేసు. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోరా? తీసుకెళ్లిన మాకు చిక్కులొస్తాయా?

రెండూ తప్పుడు భయాలే. చికిత్స ముందు, కేసు తర్వాత. ఆసుపత్రివాళ్లే ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసు అయ్యే గాయమని నమోదు, రాసి పోలీసులకు తెలియజేస్తారు. సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని బలవంతం చేయకూడదని మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ చెబుతోంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులకు లక్షన్నర రూపాయల దాకా నగదురహిత చికిత్స పథకం ఉంది. బాధితుడు ఏ రాష్ట్రంవాడైనా సరే. ఆసుపత్రిలో ఆ పథకం పేరెత్తి అడగండి.

మాది ఇక్కడి రేషన్ కార్డు కాదు. ఆరోగ్యశ్రీ వస్తుందా?

ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. అది ఈ రాష్ట్రం వాళ్లకే. మీ రాష్ట్రంలో ఆయుష్మాన్ కార్డు ఉంటే పథకంలో ఉన్న ఏ ఆసుపత్రిలోనైనా, దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేదు. చేరగానే వైద్యమిత్ర (ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే మనిషి) ఎక్కడున్నారని అడిగి కార్డు చూపించండి. ఆపరేషనై బిల్లు వేశాక చూపిస్తే కష్టం. ఫ్యాక్టరీ పనివాళ్లలో నెలజీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది. ఆ నంబరు జీతం చీటీ మీదే ఉంటుంది, చాలామంది చూడరు.

## ఇంటికి పంపేటప్పుడు

రాత్రి నుంచి అటెండరుగా ఉన్నాం. తిండీ తిప్పలూ ఎలా?

రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రుల్లో తితిదే అన్నప్రసాదం ఉచితంగా పెడతారు. వేళ ఎప్పుడో వార్డులో కనుక్కోండి. దుప్పటి, చెంబు, ఫోను చార్జరు, చిల్లర తెచ్చుకోండి. పర్సు, ఫోను తలకింద కాదు, ఒంటిమీదే పెట్టుకుని పడుకోండి.

రక్తం తెమ్మన్నారు. ఇక్కడ మాకెవరూ తెలీదే?

చీటీ, రోగి రక్తపు నమూనా తీసుకుని ముందు ఆ ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకుకే వెళ్లండి. బయట "నేను ఇప్పిస్తా" అంటూ వచ్చే మనిషితో బేరం పెట్టుకోవద్దు. రక్తం అమ్మడం నేరం. కాలేజీ హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజి పెట్టి చూడండి, గంటలో పిల్లలు వచ్చి నిలబడతారు.

తగ్గకముందే వేరే ఆసుపత్రికి తీసుకెళ్తామంటే సంతకం పెట్టమంటున్నారు.

డాక్టరు వద్దన్నా మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం అనే కాగితం అది. ఆసుపత్రిలో లామా అంటారు. చదివే పెట్టండి. పెట్టేముందు కేస్ సమ్మరీ, ఇచ్చిన మందుల వివరం, స్కాన్ ఫిల్ములు అడిగి తీసుకోండి. లేకపోతే అవతలి ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ మళ్లీ మొదలు. ప్రైవేటు అంబులెన్సు అయితే ఎక్కకముందే మొత్తం ఎంతో, ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉందో లేదో తేల్చుకోండి.

జరగరానిది జరిగితే, సొంతూరికి తీసుకెళ్లడం ఎలా?

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మహాప్రస్థానం వాహనాలున్నాయి, ఉచితం. గేటు దగ్గర మూగేవాళ్లతో మాట్లాడకముందు లోపల డ్యూటీ డాక్టరునో, ఆసుపత్రి ఆఫీసులోనో అడగండి. ఎంఎల్‌సీ కేసయితే పోస్టుమార్టం అయ్యాకే అప్పగిస్తారు. కుటుంబం ఊరినుంచి రావాల్సి ఉంటే ఆ సంగతి ముందే చెప్పి మార్చురీలో ఉంచమనొచ్చు.